చివరి తొలిచూపు

ఏడూ నలభైకి కళ్లలో చుక్కలు వేశారు. ఆ తర్వాత నలభై నిమిషాలు ఓబుళేశు గోడ వంక చూస్తూ కూర్చున్నాడు. గోడ బూడిద రంగుది. అందులో చూడడానికి ఏమీ లేకుండా చేయడానికి ముగ్గురు ఇంజనీర్లు రెండేళ్లు కష్టపడ్డారని చెప్పుకుంటారు. ఆ కష్టం వృథా పోలేదు. ఈ తొమ్మిదేళ్లలో ఓబుళేశు గోడకు ఎంత అలవాటు పడ్డాడంటే, ఇంటికెళ్లి కిటికీలోంచి కొండను చూసినా గోడను చూసినట్టే చూస్తున్నాడు.

"తల కొంచెం వెనక్కి పెట్టండి" అంది తస్లీమా. చూపుశాల నియంత్రణ ఆమెది. అతని కణతకు చేదతీగ తగిలించి, తెర మీద అంకె చదివింది. "మిగులు ఒకటి."

"ఒకటేనా మేడం?"

"నిన్నా ఒకటే కదా."

"ఎప్పుడన్నా తప్పు చూపిచ్చిందా ఇది?"

"రామాంజికి సున్నా చూపించింది. తప్పేమన్నా ఉండిందా?"

తప్పు లేదు. రామాంజి ఇదే కుర్చీలో పదేళ్లు కూర్చున్నాడు. సున్నా వచ్చిన మరుసటి నెలలో కూతురి పెళ్లి. పెళ్లికూతురై వచ్చి ఎదురుగా నిలబడ్డ కూతుర్ని చూసి "బాగుంది" అన్నాడు, దుకాణం బోర్డు చదివినట్టు. ఆ పిల్ల పీటల మీద కూర్చునేదాకా ఏడుస్తూనే ఉంది. ఇప్పుడు రామాంజి రంగుల గోదాములో పనిచేస్తున్నాడు. ఎండిపోయిన తొలిచూపరులందరికీ అక్కడే ఉద్యోగం. ఏ రంగునూ చూసి మురిసిపోరు కనుక డబ్బాలు తారుమారు కావు.

బండిని మొదటిసారి చూడగానే తొలిచూపరిలో పుట్టేదానికి కంపెనీ కాగితాల్లో పేరు ప్రథమ స్పందన. పనిచేసేవాళ్లు మాత్రం జిల్లు అనే అంటారు. ఎన్నాళ్లో ఊరించిన కొత్త బండి మీద గుడ్డ తీయగానే మనిషి వెన్నులో ఒకటి పాకుతుంది చూడండి, అదే. చేదతీగ దాన్ని పుట్టినచోటే చేదేసుకుని మూడువేల రెండువందల షోరూములకు పంపుతుంది. అక్కడ నుదుటిపట్టీలు కట్టుకుని నిలబడ్డ జనం ముందు కూడా అదే క్షణంలో గుడ్డ తొలగుతుంది, ఓబుళేశు జిల్లు వాళ్ల వెన్నులోకి దిగుతుంది. అహా అంటారు, సంతకం పెట్టేస్తారు. నిలవ పెట్టి పంపుదామంటే కుదరదు, పాలకన్నా ముందే విరిగిపోతుంది. అందుకే బండికొక మనిషి, ఒక ముహూర్తం.

బావిలో నీళ్లు చేదితే మళ్లీ ఊరతాయి. ఇది ఊరదని తెలిసేసరికి ఆలస్యమైంది. తెలిశాక కంపెనీ చేసిందల్లా తెర మీద మిగులు అనే గడి ఒకటి చేర్చడమే.

ఓబుళేశు చూసిన మొదటి బండి ఒక స్కూటరు. ఆ రోజు చొక్కా కొసతో కళ్లు తుడుచుకున్నాడు. ఇప్పటికి ముప్పైయ్యొక్క బండ్లయ్యాయి. బాధగా ఉందా అని ఎవరైనా అడిగితే లేదనే చెబుతాడు, నిజంగానే లేదు. అన్నం రుచి తెలుస్తుంది, పాట వింటే కాలు ఆడుతుంది, కంటికే ఏమీ పట్టదు. గంగరత్న కొత్త చీర కట్టుకుని ఎదురుగా తిరిగితే రంగు పేరు ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఆమె నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది.

ఇరవైయ్యేడు రోజుల కిందట గంగరత్నకు ఆడపిల్ల పుట్టింది. మూలా నక్షత్రం, మొదటి పాదం. తండ్రికి దోషమనీ, మళ్లీ అదే నక్షత్రం వచ్చిన రోజున శాంతి చేయించి, ముందు నూనె గిన్నెలో పాప మొహం చూశాకే నేరుగా చూడాలనీ, కాన్పుకు సాయం వచ్చిన అత్త నాగలచ్చమ్మ పట్టుబట్టింది. ఓబుళేశుకు నక్షత్రాల మీద నమ్మకం లేదు, కాదని వాదించేంత ఓపికా లేదు. క్వార్టర్సులో ఉన్నవే రెండు గదులు. ఇరవైయ్యేడు రాత్రులు గోడకు ఇవతల పడుకుని ఏడుపు విన్నాడు. సాంబ్రాణి, పసుపు, పాలు కలిసిన వాసన పీల్చాడు. చూడలేదు.

నూనె గిన్నె ఈరోజు పన్నెండుకు. కొత్త సెడాన్ శరభకు గుడ్డ తీసేది పదకొండుకు. తెర మీద ఉన్నది ఒకటి.

"సెలవు అడగాల్సింది" అంది తస్లీమా, తీగ సరిచేస్తూ.

"అడిగినా మేడం. శరభ తేదీ మారదన్నారు. పాప తేదీ మార్చుకోమన్నారు."

తస్లీమా తెర వైపు తిరిగింది. అనడానికి ఆమెకు అనుమతి ఉన్న మాటలే తక్కువ. శరభ తయారైన ఆరునెలలుగా రోజూ దాన్ని చూస్తోంది. ఓబుళేశు ఎదుట బండి ఆకారం చెప్పే ముక్కు, నడుము, భుజం లాంటి మాటలు పలకకూడదు. వింటే అతని చూపు మైలపడుతుందట. ఒకసారి నోరుజారి నడుంనొప్పి అన్నందుకు సంజాయిషీ రాసిచ్చింది.

పది గంటలకు విరామం. ఫోనులో గంగరత్న.

"అమ్మ కంచుగిన్నెలో నూనె పోసి పెట్టింది."

"పాప పండుకుందా?"

"లేసింది. ఊరికే అటూ ఇటూ చూస్తాంది. ఈ పొద్దు బండి చూస్తావా?"

"చూడల్ల గదా. పనే అది."

"సరే. నేనేమీ అడగను నిన్ను. రామాంజన్న కూతురు నాతోపాటు చదువుకునింది. పెండ్లి రోజు ఆ పిల్ల ఏడుస్తాంటే పక్కన నేనే ఉండా. అంతే చెప్తాండా. పన్నెండుకు వచ్చేయ్."

ఫోను పెట్టేశాక, తనకేమనిపిస్తోందో ఓబుళేశు లోపలంతా వెతుక్కున్నాడు. ఏమీ దొరకలేదు. కూతుర్ని కూడా ఇలాగే చూస్తానా అనుకుంటే భయం వేసింది. భయమైనా వేసినందుకు కొంచెం ధైర్యం వచ్చింది.

పదీ యాభైకి గంతలు కట్టి శాలలోకి నడిపించారు. గానుగెద్దుకు కట్టినట్టు కడతారు, ముందడుగు తప్ప ఇంకేం కనపడదు. వేదిక మీద ఎర్ర గీత దగ్గర నిలబెట్టి గంతలు విప్పేశారు. వెనక తలుపు మూసుకుంది. కార్యక్రమం అయ్యేదాకా అది తెరుచుకోదు. బయటికి పోయే తలుపు బండికి అవతల ఉంది.

గుడ్డ కింద శరభ ఉంది. గుడ్డ పలకలు పలకలుగా ఉండేలా లోపల చెక్కలు పెట్టారు, ఆకారం తెలియకూడదని. దీన్ని గీసింది మనుషులు కాదు, రేఖిణి అనే యంత్రం. ముప్పైయ్యొక్క బండ్లలో ఏ వంపు దగ్గర ఓబుళేశు గుండె తడబడిందో, ఏ దీపం దగ్గర కనుపాప విచ్చుకుందో అంతా కూడి గీసింది. నాలుగు సెకన్లలో వంద కిలోమీటర్లు అందుకునే ఇంజను చుట్టూ అతని ఇష్టాలను కొలిచి కుట్టింది. నచ్చకపోయే అవకాశమే లేదు. ఓబుళేశుకూ ఆ సంగతి తెలుసు.

స్పీకర్లో తస్లీమా గొంతు. "షోరూములు మూడువేల రెండువందలు, అన్నీ కలిశాయి. పట్టీలు కట్టుకున్నారు. పది. తొమ్మిది."

మూడు దగ్గర రామాంజి కూతురు కాదు, రామాంజే గుర్తొచ్చాడు. పెళ్లి పందిట్లో అందరూ తనను ఎందుకలా చూస్తున్నారో అర్థం కాక, భోజనాలకు వేళైందా అని అడిగిన రామాంజి.

గుడ్డ పైకి లేచిన గాలి మొహానికి తగిలింది. అప్పటికే ఓబుళేశు కళ్లు మూసేసుకున్నాడు.

రెండు సెకన్లు. మూడు. తీగ కణత దగ్గర సన్నగా మూలుగుతూ వెతుక్కుంటోంది.

"ఓబుళేశు గారూ, కళ్లు మూసుకుపోయాయి."

"మూసుకుపోలేదు మేడం. నేనే మూసుకున్నా."

"అక్కడ జనం నిలబడి ఉన్నారు."

"చూసుకోనీండి మేడం. వాళ్లకీ కండ్లుండాయి గదా."

ఎర్ర దీపం వెలిగింది కాబోలు, రెప్పల మీద వేడిగా అనిపించింది. తీగ పీకి కింద వదిలేశాడు. ఉద్యోగం పోయిందని తెలుసు. క్వార్టర్సు పోతుందనీ, గోదాములో చోటు కూడా ఇవ్వరనీ తెలుసు. తెలిసినవన్నీ తాపీగా వరసలో నిలబడ్డాయి గానీ ఒక్కటీ గుచ్చుకోలేదు. తలుపు అవతలుంది. కళ్లు తెరవకుండా అక్కడికి పోవాలంటే ఒకటే దారి. చెయ్యి చాచి బండిని పట్టుకున్నాడు.

ముందు తగిలింది ముక్కు. పొడవుగా, కిందికి వంగి ఉంది. దీపాలు గాట్లంత సన్నగా లోపలికి పోయాయి. బోనెట్ మీద రెండు ఉబ్బులు, బిగబట్టిన చేతి కండల్లా. చక్రం మీది వంపు దాటాక, పక్క పొడవునా సాగే భుజంగీత మొదలైంది. అరచేతి అంచున దాన్ని పట్టుకుని నడిచాడు. తలుపులకు పిడులు తగల్లేదు, రేకులో కలిసిపోయాయి. పైకప్పు వెనక్కి జారుతూ జారుతూ డిక్కీలో ఎక్కడ కలిసిందో వేలికి కూడా తెలియలేదు. దొంగముండ, బాగా గీసింది అనుకున్నాడు. అంతలో వెనక చక్రం మీద ఇంకో గీత అడ్డొచ్చింది. భుజంగీతకు పోటీగా, ఎవరూ పిలవకుండా వచ్చి కూర్చున్నట్టు ఉంది. వేలు వెనక్కి తీసుకెళ్లి మళ్లీ తడిమాడు. ఇది అనవసరం. చూసి ఉంటే పట్టుకునేవాడు కాదు, జిల్లులో కొట్టుకుపోయేది.

అతను డిక్కీ అంచు దాటుతుండగా షోరూముల నుంచి స్పీకర్లో గొంతులు మొదలయ్యాయి. పట్టీలు ఖాళీగా ఉన్నాయి. చాలా ఏళ్ల తర్వాత జనం ఒక కొత్త బండి ముందు ఏ జిల్లూ లేకుండా నిలబడ్డారు. ముందు అహా ఎప్పుడొస్తుందా అని చూశారు. అది రాకపోయేసరికి బండిని చూశారు.

ప్రొద్దుటూరులో ఒకాయన అన్నాడు: "ఏందప్పా ఇది, అలిగి మూతి ముడుసుకున్నెట్లుంది."

రాజమండ్రిలో ఒకావిడ: "వెనకాల నుంచి చూత్తే బాగుందండీ. ముందరి భాగం ఎవరు చేశారో గానీ."

కరీంనగర్‌లో ఒక పెద్దమనిషి తలుపు తడుముతూ: "గీ డోరుకు పిడే లేదేంది? ఎట్ల తెరవాలె?" పక్కనున్న అమ్మాయి: "గదే మంచిగుంది తాతా."

తస్లీమా ముందున్న తెర మీద ఎప్పుడూ ఒకటే వంపు ఉండేది. ఓబుళేశు జిల్లు, దాని మీద అతుక్కుపోయిన జనం జిల్లు. ఇప్పుడక్కడ గీతలు ముగ్గుపిండి ఒలికినట్టు నాలుగు దిక్కులా పరుచుకున్నాయి. రేఖిణి సగటు తీయబోయి ఆగింది, మళ్లీ తీయబోయి ఆగింది. చివరికి అక్షరాలు వచ్చాయి. స్పందనలు ఒకదానితో ఒకటి కలవడం లేదు. వీటిలో సరైనది ఏది? కింద రెండే మీటలు. తొలిచూపరి స్పందన అని ఒకటి, దోషం అని ఒకటి.

ఇలాంటప్పుడు దోషం నొక్కాలని నియమావళిలో ఉంది. తస్లీమా వేలు దాని మీదకు వెళ్లింది, ఆగింది. మీటలు వదిలేసి కీబోర్డు దగ్గరికి లాక్కుంది. వెనక చక్రం మీది గీత నాకు మొదటినుంచీ నచ్చలేదు అని టైపు చేసింది. రాశాక చదువుకుంది. ఆరునెలల్లో శరభ గురించి ఆమె అన్న మొదటి మాట అది. తెర అలాగే వెలుగుతూ ఉండిపోయింది. తస్లీమా ఇంకో మీట నొక్కి అవతలి తలుపు తెరిచింది.

ఓబుళేశు గేటు దాటేదాకా కళ్లు తెరవలేదు. గార్డు చెయ్యి పట్టుకుని రోడ్డు మీద వదిలాడు. ఎండ తెల్లగా కాస్తోంది. క్వార్టర్సు దాకా నేలచూపులతో నడిచాడు.

ఇంట్లో పీట వేసి ఉంచారు. నాగలచ్చమ్మ కంచుగిన్నె ముందుకు జరిపింది. గంగరత్న పాపను అతని భుజం వెనక ఎత్తి పట్టుకుంది. బండి చూశావా అని అడగలేదు.

"వంగి చూడు నాయనా, నూనెలో" అంది అత్త.

వంగాడు. నల్లటి నూనె మొదట కదిలింది, నిలబడింది. అందులో ఒక చిన్న మొహం, తలకిందులుగా, నోరు తెరుచుకుని. వెన్నులో జిల్లుమంది. మెడ దగ్గర మొదలై కిందిదాకా పాకింది. చేదుకోవడానికి కణత దగ్గర ఏ తీగా లేదు. మొత్తం అతనికే మిగిలింది. స్కూటరు చూసిన రోజుకన్నా ఎక్కువగా ఏడ్చాడు, ముక్కు కారేలా, సిగ్గులేకుండా. గంగరత్న కూడా ఏడ్చింది.

"చాల్లే. ఇంగ తలెత్తి బిడ్డను చూడు."

అప్పుడు తట్టింది ఓబుళేశుకు. ఉన్న ఒక్కటీ నూనెలో నీడకు ఖర్చైపోయింది. తొమ్మిదేళ్లు చూపే వృత్తిగా బతికినవాడికి ఇంత చిన్న సంగతి తోచలేదు. తల ఎత్తడానికి భయపడ్డాడు. గంగరత్న పాపను తెచ్చి ఒళ్లో పెట్టేసింది.

చూశాడు. వెన్నులో ఏమీ కదల్లేదు. గోడలా నిశ్శబ్దంగా ఉంది లోపల. అలవాటైన కన్ను తన పని తాను మొదలుపెట్టింది. నుదుటి నుంచి కిందికి దిగింది. ఎడమ చెవి మడతపడి ఉంది. ముక్కు మీద చర్మం పొట్టు లేస్తోంది. కనుబొమలు ఇంకా రాలేదు. పెదవి చివర పాలు ఎండి అంటుకున్నాయి. రెండు పక్కలూ సరిగ్గా కలవలేదు, కుడి చెంప కొంచెం ఎక్కువ. మళ్లీ నుదుటి దగ్గరికి వెళ్లి మొదటినుంచీ వచ్చాడు. పాప అతన్ని దాటి దేన్నో చూస్తోంది.

"ఏమన్నా అనిపిచ్చిందా?" అడిగింది గంగరత్న మెల్లగా.

"లేదు" అన్నాడు నిజం చెబుతూ.

ఆమె మొహం చిన్నబోయింది. పాపను తీసుకోబోయింది. ఓబుళేశు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. ఇంగోసారి చూస్తా."