కపెల్లా మీద అనుమానం

"మీకు ఇదివరకే పెళ్ళయిందా?"

మంగినపూడి బీచ్‌లో ఆటో దిగుతూనే షీబా అడిగిన మొదటి మాట అది. ఎదురొచ్చిన క్రాంతి కుమార్ నవ్వు సగంలో ఆగిపోయింది.

చలిగాలి వీస్తోంది. అప్పుడే చీకటి పడింది. తెల్లారితే ఆదివారం. బందరు చర్చిలో వాళ్ళిద్దరి పెళ్ళి ప్రకటన ఆఖరుసారి చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే లేచి చెప్పవలసింది అప్పుడే.

"ఎవరన్నారు?"

"మా అమ్మ విన్నది."

షీబా వెనక నుంచి దయామణి ముందుకు వచ్చింది. కూతుర్ని ఒంటరిగా పంపే మనిషి కాదు.

"నిన్న మా వరండాలో ఫోన్లో అన్నావా లేదా బాబూ? 'ఒక పెళ్ళా? రెండు! దూరాన ఉన్నాయి కాబట్టి ఎవరికీ తెలీదు' అన్నావు. నేను టీ పట్టుకుని తలుపు వెనకే ఉన్నా."

"రెండూ బాగా లావు అని కూడా అన్నారట. నేనేమో సన్నం!" అంది షీబా.

క్రాంతి తల పట్టుకున్నాడు. "అయ్యో ఆంటీ! ఒక పెళ్ళా కాదండీ, కపెల్లా! నక్షత్రం పేరు. గుడివాడలో ఫిజిక్స్ చెప్పే మా కళ్యాణ్‌తో మాట్లాడుతున్నాను."

"మాకే చుక్కలు చూపిద్దామనా?" దయామణి మండిపడింది.

"నిజంగానే చూపిస్తానండీ. అదిగో, ఈశాన్యంలో, లేత పసుపుగా మెరుస్తోందే, అదే."

"ఒక్కటేగా ఉంది!" అంది దయామణి.

"కంటికి ఒకటే. నిజానికి రెండు. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటాయి. ఒక్కొక్కటీ సూర్యుడికి రెండున్నర రెట్లు బరువు. నడిమధ్య ఇంధనం అయిపోయాక ఉబ్బిపోయాయి. ఒకటి తొమ్మిది రెట్లు, ఇంకోటి పన్నెండు రెట్లు వెడల్పు. పైన సూర్యుడంత వేడి ఉండదు. వెలుగు మాత్రం డెబ్బై రెట్ల పైనే."

"వేడి తక్కువైతే వెలుగెలా ఎక్కువ?" షీబా కళ్ళు చిట్లించింది.

"కుంపటి ఎంత ఎర్రగా కాలినా ఒక గదికే కదండీ. వంటవాళ్ళు తవ్వే బారెడు గాడిపొయ్యిలో నిప్పు కాస్త మందగించినా పెళ్ళి పందిరంతా వెచ్చబడదూ?"

"రెండని మీరు చూశారా?"

"లేదు. ఆ వెలుగును విడదీసి చూసినవాళ్ళు చెప్పారు. నమ్మాను."

షీబా తల్లి వైపు తిరిగింది. "విన్నావా అమ్మా? చూడని దేవుణ్ణి నమ్ముతావు. చూసిన అల్లుణ్ణి నమ్మవేం?"

దేవుడు వరండాలో ఫోన్ మాట్లాడుతుండగా దయామణి ఎన్నడూ వినలేదు. అదీ తేడా.

"నువ్వేమంటావే?" అంది కూతురితో.

"నాకింకో అనుమానం ఉంది," అంది షీబా. "ఇన్నాళ్ళూ నాతో నక్షత్రాల ముక్క ఒక్కటీ మాట్లాడలేదు. అన్నీ ఆ కళ్యాణ్ గారితోనే. ఎందుకని?"

క్రాంతి నేలచూపులు చూశాడు. "బోరు కొట్టి నన్ను వద్దంటారేమోనని. మీరు వద్దంటే తట్టుకోలేనండీ."

షీబా వెళ్ళి తల్లి పక్కన నిలబడింది.

"రేపు పాస్టరు గారు అభ్యంతరం ఉందా అని అడిగితే..."

"అడిగితే?" క్రాంతి ఒక అడుగు ముందుకు వేశాడు.

"మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని కూర్చుంటా. లేవనివ్వను."

"నేను లేవన్లే," అంటూ దయామణి ఆటో వైపు నడిచి, వెనక్కి తిరిగింది. "కానీ అల్లుడూ, ఇకమీదట వరండాలో నిలబడి గొణగకు. ఇంట్లోకి వచ్చి గట్టిగా మాట్లాడు. మాకూ వినబడాలి."