టేపు పిన్ని చెవి మిషన్

ఉదయం ఎనిమిది కొట్టేసరికి టేపు పిన్ని మెడలో టేపు వేసుకుని కుట్టు మిషన్ ముందు కూర్చునేది. ముప్పై ఏళ్లుగా అదే వేళ, అదే కుర్చీ. అసలు పేరు ఇంట్లోవాళ్లకైనా గుర్తుందో లేదో కానీ, వీధి మొత్తానికీ ఆవిడ టేపు పిన్నే. మనిషి గుమ్మంలో నిలబడితే చాలు, భుజం కొలత చెప్పేసేది. ఇన్నేళ్లలో తను కుట్టిన బట్ట ఒక్కటీ వెనక్కి రాలేదని రోజుకోసారైనా అనేది. వినేవాళ్లు లేకపోతే మిషన్‌తోనే అనుకునేది.

ఆ రోజు ఒకటి వచ్చింది.

అది హెడ్మాస్టరమ్మ కోటు. నిన్న క్లాసులో బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తితే, పిల్లలందరి ముందూ చంక దగ్గర కుట్టు విడిపోయిందట. బడికి వెళుతూ కోడలి చేతికిచ్చి, మధ్యాహ్నం వస్తానని చెప్పి వెళ్లింది. పిన్ని కోటు తిరగేసి చూసింది. ముఖం గంటు పెట్టుకుంది.

"దారం నువ్వు తెచ్చిందేగా అమ్మాయ్? చవగ్గా వస్తోందని ఏదో ఒకటి పట్టుకొచ్చి ఉంటావు."

బొత్తాలు కుడుతున్న కోడలు లేచి వచ్చింది. "దారం తెగలేదు అత్తయ్యా. ఇక్కడ చూడండి, మధ్య మధ్యలో కుట్టే పడలేదు. సూది మొద్దుబారింది. నెల రోజులుగా మిషన్ టక్కు టక్కుమంటోందని చెబుతూనే ఉన్నాను."

"నా మిషన్ సంగతి నాకు చెబుతున్నావా? సూది మొద్దుబారితే చప్పుడుని బట్టి ముందు తెలిసేది నాకే."

"తెలిసేది అత్తయ్యా. ఇప్పుడు మీకు వినపడటం లేదు."

టిఫిన్ తింటున్న కొడుకు తల ఇంకా కిందకి వంచాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. తల్లీ భార్యా మాటా మాటా అనుకుంటే మాత్రం ఏ అంతస్తుకీ పోకుండా మధ్యలో ఆగిపోవడం అతని అలవాటు. చెయ్యి కడుక్కుని పనికి జారుకున్నాడు.

కోడలు బొత్తాల సొరుగు లాగి, నెల క్రితం తను తెచ్చిన డబ్బా తీసింది. పిన్ని ఒక్కసారి కూడా పెట్టుకోని చెవి మిషన్లు అందులోనే ఉన్నాయి. వాటితోపాటు వచ్చిన బొత్తామంత మైకుని కోడలు తన కాలరుకి తగిలించుకుంది.

"ఇది బ్లూటూత్‌తో పనిచేస్తుంది. మీరు అవి పెట్టుకోండి, నేను వంటింట్లోంచి మాట్లాడినా పక్కనే ఉన్నట్టు వినిపిస్తుంది. ఈ మైకు కుట్టు మిషన్‌కి తగిలిస్తే సూది చప్పుడు కూడా..."

"చెవిటి టైలరు దగ్గరికి ఎవరొస్తారే?"

"కుట్లు ఊడిపోయే టైలరు దగ్గరికి మాత్రం వస్తారా?"

నిజమాడితే నిష్ఠూరం. పిన్ని మొహం తిప్పేసుకుంది. అనేశాక కోడలూ నాలుక కరుచుకుంది. ముందు గదిలోకి వెళ్లి ఇస్త్రీ మొదలుపెట్టింది. కాలరుకి ఉన్న మైకు సంగతే మరిచిపోయింది.

పిన్ని మధ్యాహ్నం దాకా పంతం పట్టి కూర్చుంది. ఆ తర్వాత, మిషన్ చప్పుడులో తేడా లేదని తేల్చి చూపిద్దామనే, డబ్బా తెరిచి అవి చెవులకి పెట్టుకుంది. కాసేపటికి బీప్‌మన్నాయి. ముందు ఫ్యాను వినిపించింది. అది అంత గోల చేస్తుందని ఆవిడ మరిచేపోయింది. పాతగుడ్డ ఒకటి సూది కింద పెట్టి పెడల్ తొక్కింది.

టక్కు. టక్కు. టక్కు.

ఆవిడ కాలు ఆగిపోయింది. చంటిపిల్ల దగ్గు తల్లికి తెలిసినట్టు, ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. సూది ఊడదీసి మొనని గోటి మీద రాసి చూసింది. గుచ్చుకోకుండా నున్నగా జారింది. కొత్త సూది బిగిస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

అంతలో చెవిలోనే ఎవరో మాట్లాడినట్టయింది.

"కోటు తప్పు నాది మేడమ్." అది ముందు గదిలో ఉన్న కోడలి గొంతు. "పని నేర్పిస్తూ అత్తయ్య ఆ చంక కుట్టు నాచేత వేయించారు. ఆవిడ చేతి కుట్టు అలా ఊడుతుందా చెప్పండి."

"అదే అనుకున్నా." కోటు కోసం వచ్చిన హెడ్మాస్టరమ్మ గొంతు కాస్త దూరంగా వినిపించింది. "ఇకమీదట నా బట్టల మీద నీ చెయ్యి పడనివ్వకమ్మా."

"అలాగే మేడమ్."

పొద్దున మాటకి మాట అన్న పిల్ల ఇప్పుడు తలొంచి 'అలాగే' అంది. పిన్ని సూది మర గట్టిగా బిగించింది. ఊరుకుంటే ముప్పై ఏళ్ల పేరు చెక్కుచెదరదు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆవిడ లేచి, టేపు సర్దుకుని, చెవుల మీద జుట్టు వెనక్కి తోసుకుని ముందు గదిలోకి నడిచింది.

"ఆ కుట్టు నాదే హెడ్మాస్టరమ్మా. నాకు చెవులు తగ్గాయి, సూది చప్పుడు వినపడలేదు. ఈ పిల్ల నెల రోజులుగా చెబుతోంది, అదీ వినలేదు. అది మాత్రం చెవుల తప్పు కాదు."

హెడ్మాస్టరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "పొరపడ్డానమ్మా, ఏమీ అనుకోకు," అని కోడలితో అని, కుర్చీ లాక్కుని కూర్చుంది. "కోటు ఎంతసేపట్లో ఇస్తారు పిన్నిగారూ?"

"పావుగంటలో. కొత్త సూది వేశాను."

కోడలు వెనకాలే మిషన్ గదిలోకి వచ్చింది. "మీకెలా తెలిసింది అత్తయ్యా?"

పిన్ని కోడలి కాలరు నుంచి మైకు తీసి అరచేతిలో చూపించింది. కోడలికి ఏడుపు ఆగలేదు. "పొద్దున అలా అనకుండా ఉండాల్సింది."

"పొద్దున నువ్వన్నది నిజం. ఇందాక అన్నదే అబద్ధం. నా పేరు కోసం నీ చేతిని తక్కువ చేసి ఇంకెప్పుడూ చెప్పకు." పిన్ని మైకుని కుట్టు మిషన్‌కి తగిలించింది. "ఇవి పెట్టుకున్నాక మొట్టమొదట విన్న మనిషి గొంతు నీదే. నా అదృష్టం చూడు."

అప్పటినుంచి మైకు కుట్టు మిషన్‌కే ఉంటోంది. పిన్ని జుట్టు వెనక్కి లాగి ముడేస్తోంది. కొత్తవాళ్లకి కొలతలు తీసేటప్పుడు చెవి వాళ్లవైపే తిప్పుతుంది. ఎంతకీ అడగకపోతే తనే అందుకుంటుంది. "ఇదేమిటని అడగరేం?"

అడగ్గానే, ఒంటి మీద బంగారం గురించి చెప్పినట్టు చెబుతుంది. "మా కోడలు పెట్టింది."