భీమక్కను తొక్కిన ఇనుము

అమావాస్య... మిట్టమధ్యాహ్నం! బేతంచెర్ల అవతల, వదిలేసిన నాపరాతి గనిలో నీడన్నది లేదు. కాకి సైతం నోరెత్తని ఆ ఘోర ఘడియలో, తెల్లటి బండల మీద కుంకుమ మండలం నెత్తుటి మడుగై మెరుస్తోంది. నడుమ కపాలం... కపాలం వెనుక మాంత్రికుడు సుంకప్ప... ఎదుట జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి ఊగుతున్న యామిని!

కూతురిని చూస్తూ ఓబుళేశు చేతిలోని గోనెమూటను బిగించాడు. మూటలో కత్తి ఉంది.

పూర్వం ఐరోపా యోధులు పట్టిన కత్తులకు నకళ్లు చేసి విదేశాలకు పంపడం అతని వృత్తి. నిటారుగా సాగే అలుగు, దానికి రెండువైపులా పదును, పిడి దగ్గర అడ్డకమ్మీ. లారీ చక్రాల మీద బరువు మోసే కమాను పట్టీలను కాల్చి సాగగొడితే అవే ఆ కత్తులవుతాయి. పిశాచాన్ని యామిని మీదికి తోలిన సుంకప్పే పదిరోజుల కిందట బేరం పెట్టాడు. "నెత్తురు చూడని ఇనుముతో అట్లాంటిదొకటి చేసియ్యి. ఆ పిశాచాన్ని అందులో బంధించి నా బంటుగా పెట్టుకుంటా. లేదంటే నీ బిడ్డకు పాడె కట్టుకో."

"తెచ్చినావా, ఓబుళేశప్పా?"

"తెచ్చినా."

"మనిషిని తొక్కిన లారీది కాదు గదా?"

"ఆ పట్టీలు మేం కొలిమిలో పెట్టం సామీ. మా ఇంటా వంటా లేదు."

ఆచారం నిజమే. మాట అబద్ధం.

ఆరేళ్ల కిందట ఇదే గనిలో, రాళ్ల లారీ వెనక్కి వస్తూ అతని భార్య భీమక్కను నలిపేసింది. తప్పు లారీది కాదు, ఆమెదేనని సాక్ష్యం చెప్పింది ఓబుళేశే. అందుకు గని యజమాని ఇచ్చిన షెడ్డులోనే ఈ కత్తుల పని మొదలైంది. ఆ లారీ తుక్కుకు పోయినప్పుడు దాని పట్టీ ఒకటి తెచ్చుకుని, ముట్టుకోలేక మూలన దాచాడు. సుంకప్పకు ఎదురు నిలవగలిగేది ఆమె ఒక్కతేనని, ఈ పదిరోజులూ కాల్చింది దాన్నే. నీళ్లలో ముంచిన ప్రతిసారీ అది మూలిగింది...

సుంకప్ప కత్తిని అందుకుని కపాలం మీద నిలిపి బీజాక్షరాలు ఉచ్చరించాడు. యామిని గొంతు చించుకుని అరిచి కుప్పకూలింది. ఆమె నోట వెలువడిన కారుపొగ అలుగులోకి దూరింది... మరుక్షణమే బెదిరి వెనక్కి దూకింది! లోపల అప్పటికే ఎవరో ఉన్నారు.

"ఎవురే నువ్వు?" మాంత్రికుడు కత్తిని వదిలి వెనక్కి జరిగాడు.

మబ్బు లేని ఆకాశం ఉరిమింది... కాదు, అది లారీ వెనక్కి వస్తున్న రొద! గనిలో లారీ లేదు. అయినా, కనబడని చక్రం కింద పడ్డట్టు సుంకప్ప పక్కటెముకలు ఒక్కొక్కటే విరిగాయి. కపాలం పిండైంది. తోలిన పిశాచం తోలినవాడి శవం మీదే బూడిదై రాలింది.

యామిని కళ్లు తెరిచింది. ఆ చూపు ఆమెదే. ఓబుళేశు మోకాళ్ల మీద పాకుతూ వెళ్లి బిడ్డను పొదివి పట్టుకున్నాడు.

"నాయనా, అమ్మ వచ్చిండాది. ఈడనే కూర్చోనుండాది."

అతను నలుదిక్కులా చూశాడు. బండలు, ఎండ.

"యాడమ్మా? నాకు అగుపడదే."

యామిని ఎవరి మాటో వింటున్నట్టు తల వంచింది.

"నీకు అగుపడనంటాంది."