ఎనిమిది మంది లేని మనుషులు

"హత్య పదకొండింటికి," అన్నాడు చీఫ్ బాపిరాజు. "ఎల్‌బీ నగర్ బస్టాప్‌లో. చంపేది డ్రైవర్ లేని బస్సు. చచ్చేది ఇంజినీర్ శేషారత్నం."

"ఆ బస్సుకు బుర్ర తయారుచేసింది ఆమెనే కద సార్?" అడిగాడు ఏజెంట్ మహేందర్.

"ఆవిడే. ఆగే వీల్లేకపోతే ఎక్కువమందిని వదిలి తక్కువమందిని గుద్దాలని రూల్ రాసింది. తప్పు తెలుసుకుని ఈ మధ్యాహ్నం తీసేస్తోంది. ఆ రూల్ తమకు ఆయుధంగా ఉండిపోవాలని, ఈలోగా విదేశీ ముఠా రోడ్డు మీద ప్రొజెక్టర్ పెడుతుంది. బస్సు సెన్సర్లకు ఎదురుగా ఎనిమిది మంది ఉన్నట్టు కనిపిస్తుంది. వాళ్లను తప్పించబోయి బస్సు ఫుట్‌పాత్ ఎక్కేస్తుంది. అక్కడ ఈవిడ. హంతకుడు లేని హత్య."

"బస్సు ఆపిస్తే అయిపోతది."

"ఆపితే ముఠా జారిపోద్ది. దొరికితే వందలమంది బతుకుతారు. రిస్కు ఒక్క మనిషికే. ప్రొజెక్టర్ సంగతి జ్యోతిక చూసుకుంటుంది."

మహేందర్‌కు ఒళ్లు మండింది. జ్యోతిక డబుల్ ఏజెంట్. ఆమె నవ్వును నమ్మినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు ఫోటోల్లోనే ఉన్నారు.

పదిన్నరకల్లా అతను బస్టాప్‌లో ఉన్నాడు. శేషారత్నం ఏమీ తెలియక ఫుట్‌పాత్ అంచున ఒంటరిగా నిలబడి, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో ట్యాబ్‌లో ట్రయల్ రన్ నోట్సు రాసుకుంటోంది. వెనక నీడలో సూర్యాపేట బస్సు కోసం జనం సంచులతో కూర్చున్నారు.

పదీ యాభై తొమ్మిది. దిల్‌సుఖ్‌నగర్ వైపు నుంచి బస్సు దూసుకొస్తోంది. బస్సు సెన్సర్లు చూసేదే చూపించే మహేందర్ కళ్లద్దాల్లో, ఖాళీ రోడ్డు మీద ఎనిమిది ఆకారాలు వెలిగాయి.

చెవిలో జ్యోతిక గొంతు. "సారీ మహేందర్. ఇయ్యాల నేను వాళ్ల దిక్కు."

శేషారత్నం యాభై అడుగుల దూరంలో ఉంది. పరుగెత్తినా అందదు, పిలిచినా వినపడదు. బస్సుకు జాలి లేదు, లెక్క ఉంది. ఆమె పక్కన ఎనిమిదికన్నా ఎక్కువ తలలు కావాలి.

"సూర్యాపేట ఎక్స్‌ప్రెస్! గా మేడం కాడ ఆగుతది. సీట్లు ఖాళీ, ఉరుకుండ్రి!" అని నీడలో ఉన్న జనం వైపు అరిచాడు మహేందర్.

నలభై మంది లేచారు. కిటికీలోంచి సీట్ల మీద వేయడానికి కర్చీఫులు చేతబట్టి, ఒకర్నొకరు తోసుకుంటూ శేషారత్నాన్ని చుట్టేశారు. ఫుట్‌పాత్ వైపు తిరగబోయిన బస్సు తల మళ్లీ రోడ్డు వైపుకే తిరిగింది. లేని మనుషుల మీదుగా వెళ్లి, కీచుమంటూ ఆగింది.

మెట్రో మెట్ల మీద కాపుకాసిన బాపిరాజు మనుషులు జ్యోతికకూ, ముఠా నాయకుడికీ బేడీలు వేశారు.

"బస్సేది బిడ్డా?" అని ఓ ముసలమ్మ మహేందర్ చొక్కా పట్టుకుంది. అతను ఆమెకు జవాబు చెప్పేలోపే శేషారత్నం వచ్చింది. జరిగిందంతా మహేందర్ చెప్పగా విని, వెనక్కి తిరిగి ఆ నలభై మందినీ చూసింది.

"సెన్సర్ లెక్క తప్పితే వీళ్లంతా ఏమయ్యేవాళ్లండీ?"

"ఆలోచించే టైం లేకుండె మేడం."

"మీ చీఫ్‌కు ఉందిగా. పొద్దున్నే ఉంది. నాకు ఒక్క ముక్క చెప్పలేదే."

మహేందర్‌కు నిజంగా సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నం శేషారత్నం బస్సులోంచి ఆ రూల్ తీసేసింది. బాపిరాజులోంచి తీసే పద్ధతి మాత్రం ఏ ఇంజినీరూ ఇంకా కనిపెట్టలేదు.