క్రేన్ తాత, అరచేతంత డ్రోన్

ఇలా రండమ్మా, ఇంకాస్త దగ్గరికి జరగండి. ఆ ఫోను కాసేపు బోర్లించి పెట్టు నాయనా, కాళ్లొచ్చి ఎక్కడికీ పారిపోదు. కథ పెద్దదేం కాదు. మధ్యలో లేచెళ్లారో, మళ్లీ మొదటినుంచీ ఎత్తుకుంటాను, ఆ తర్వాత మీ ఇష్టం.

అనగనగా అని మొదలుపెట్టేంత పాత కథ కూడా కాదిది. ఒక ఇంట్లో ఒక తాత ఉన్నాడు. ఆయన పనిచేసినన్నాళ్లూ నేల మీద గడిపింది తక్కువ. ఎత్తైన మేడలు కట్టేచోట, ఆ మేడలకంటే ఎత్తున క్రేన్ నిలబడి ఉంటుంది చూడండి, దాని నెత్తిన అగ్గిపెట్టెంత గది, అదే ఆయన ఆఫీసు. రెండు చేతుల్లో రెండు లివర్లు పట్టుకుని ఇనుమూ సిమెంటూ ఎత్తి, పువ్వు పెట్టినట్టు పెట్టేవాడు. వీధిలో పిల్లా పెద్దా అందరికీ ఆయన క్రేన్ తాతే.

అమ్మమ్మదీ అదే పని, కాకపోతే కింద. పసుపుపచ్చ హెల్మెట్ పెట్టుకుని నేల మీద నిలబడి, ఎత్తు, ఆపు, మెల్లగా దించు అని చేతులతో సైగలు చేసేది. పైనున్న మనిషికి కింద మూలలు కనబడవు కదా, ఆయన కళ్లు ఆవిడే. వైర్‌లెస్‌లో ఆవిడ "పైనా, వినబడుతోందా?" అనేది. ఆయన "కిందా, చెప్పు" అనేవాడు. అలా చెప్పుకుంటూ చెప్పుకుంటూనే పెళ్లి చేసుకున్నారు. ఇంటికొచ్చాకా ఆ పిలుపులు పోలేదు. ఉప్పు అందించమన్నా "కిందా", తువ్వాలు తెమ్మన్నా "పైనా".

మోకాలు అరిగిపోయి ఇక నిచ్చెన ఎక్కొద్దని డాక్టరు చెప్పాక తాత కిందికి దిగిపోయాడు. దిగాడే గానీ, కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని ఆకాశంకేసి చూస్తూ కూర్చునేవాడు. ఒక్క పని మాత్రం ఆయన్ను హుషారుగా ఉంచేది. మనవరాలి గోళ్లు తీయడం. బుజ్జాయి నెయిల్ కట్టర్ చూస్తే చాలు మంచం కింద దూరేది. తాత ఒళ్లో మాత్రం మైనపు బొమ్మలా కూర్చునేది. అంత నాజూకు చెయ్యి ఆయనది.

ఆ ఆదివారం పొద్దున కూడా అదే జరుగుతోంది. చిటికెన వేలు దగ్గరికి వచ్చేసరికి కూతురు చిన్న అట్టపెట్టె తెచ్చి ఆయన పక్కన పెట్టింది. ఆ పిల్ల కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది, ఎవరి ముక్కుకు ఏ ఫ్రేము నప్పుతుందో చూడగానే చెప్పేస్తుంది.

"ఏంటమ్మా ఇది?"

"నీ క్రేన్, నాన్నా. ఇంట్లోనే కూర్చుని పైకెక్కు."

పెట్టె విప్పితే అరచేతిలో పట్టేంత డ్రోన్. నాలుగు రెక్కలు, వాటి చుట్టూ ప్లాస్టిక్ కంచె, ముందు కందిగింజంత కెమెరా, కావాలంటే అది కిందికీ వంగుతుంది. తాత దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి గుటక మింగాడు. అమ్మమ్మ వంటింటి గుమ్మంలోంచి ఆ గుటక చూసింది. ఏడాదిగా ఆ ముఖంలో అంత వెలుగు చూడలేదు ఆవిడ.

సరిగ్గా అప్పుడే దిగాడు ఆవిడ తమ్ముడు. ఒక్కచోట నిలవడు గనక ఇంట్లో అతన్ని తూనీగ అంటారు. బైకు పందేల వెంట పెద్ద డ్రోన్ తరిమి వీడియోలు తీస్తాడు.

"ఇదేంటి బావా, దోమను పెంచుతున్నావా?"

"నోర్ముయ్ మావయ్యా," అంది కూతురు. "పదిరకాలు చూసి కొన్నాను. తేలిక, చవక, గాల్లో వదిలేస్తే ఉన్నచోటే నిలబడుతుంది."

"నిలబడుతుంది సరే, పరిగెత్తదుగా! ముందు గోడ ఉన్నా దీనికి తెలీదు. గాలొస్తే చిత్తుకాగితమే. బ్యాటరీ ఎక్కిందనుకునేలోపు దిగిపోతుంది. ఏదీ, ఇటివ్వు."

ఇంటి వెనక ఖాళీ జాగాలో తూనీగ దాన్ని రివ్వున తిప్పాడు, గోడవారగా పోనిచ్చాడు, మలుపులు తిప్పాడు. రెండు నిమిషాల్లో ఆవలించాడు.

"నిద్రొస్తోంది అక్కా! ఇది నాకైతే పనికిరాదు. బావకూ అంతే. వెనక్కిచ్చేసి పెద్దది కొనండి. గోడలు, చెట్లు అన్నీ అదే చూసుకుంటుంది."

"మీ బావను ఎగరెయ్యనీరా ముందు," అంది అమ్మమ్మ.

తాత రిమోట్ అందుకుని భుజాలు సర్దుకున్నాడు. కుడి లివర్ కదిపాడు. మోకాలెత్తున గాల్లో ఆగి ఉన్న డ్రోన్ పైకి లేవాల్సింది పోయి, తిన్నగా ఆరేసిన దుప్పట్లలోకి దూసుకెళ్లి చుట్టుకుపోయింది. మళ్లీ మొదలెట్టాడు. ఈసారి కాస్త ముందుకు పొమ్మంటే నిట్టనిలువునా లేచింది, కంగారుపడి దించబోతే వెళ్లి గోడ మీది పూలకుండీని కొట్టింది.

"ఎడమది పైకీ కిందికీ, తిప్పడానికీ బావా, కుడిది ముందుకూ వెనక్కూ!" అని తూనీగ అరుపు.

"తెలుసురా, చెవిలో జోరీగలా అరవకు!"

తెలుసు. బుర్రకు తెలుసు. మూడోసారి ఎత్తబోతే అది రివ్వున ముందుకు దూకి, గట్టు మీద కూర్చున్న బుజ్జాయి చెంప పక్కనుంచి పోయింది. తగల్లేదు. పిల్ల చప్పట్లు కొట్టింది కూడా. కూతురికి మాత్రం పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్క గెంతులో పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది.

తాత లోపలికొచ్చి, సగంలో ఆగిన చిటికెన వేలు గుర్తొచ్చి నెయిల్ కట్టర్ కోసం చెయ్యి చాపాడు. కూతురు దాన్ని తీసి అలమరాలో పెట్టింది.

"నేను తీస్తాలే నాన్నా."

"ఒక్క వేలేగా మిగిలింది."

"చెప్పాగా, నేను తీస్తానని."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది అనుకుంది అమ్మమ్మ. తాత చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, ఒళ్లో ఉన్న తువ్వాలు కిందికి తోసేశాడు. రెండో చేతినీ దాని పక్కకే చేర్చాడు.

మర్నాటినుంచీ ఆ ఇంట్లో టీ గ్లాసు చప్పుడు కూడా పెద్దగా వినిపించేది. తాత గ్లాసును రెండు చేతులతో పట్టుకోవడం మొదలుపెట్టాడు. తన చేతుల్ని తనే నమ్మడం మానేశాడన్నమాట. బుజ్జాయి కట్టర్ కోసం అలమరా కేసి చూపించి "తాత, తాత" అంటే, కూతురు పిల్ల చేతిలో బొమ్మ పెట్టేది.

అమ్మమ్మ ఎన్నాళ్లని ఊరుకుంటుంది? ఓ పొద్దున కూతురు డ్రోన్‌ను అట్టపెట్టెలో సర్దుతుంటే ఎదురుగా కూర్చుంది.

"ఎక్కడికి?"

"వెనక్కి పంపేస్తున్నానమ్మా. తప్పు నాదే. నాన్నకు నప్పుతుందనుకున్నాను."

"డ్రోన్ వెనక్కి పంపుతావు, సరే. మీ నాన్న చేతులు ఎక్కడికి పంపుతావు?"

కూతురి ముఖం ఎర్రబడింది. "నేనేమన్నానమ్మా ఇప్పుడు?"

"ఏమీ అనలేదు. అదే నా బాధ. కట్టర్ తీసి దాచేశావు."

"మరేం చెయ్యమంటావు? పిల్ల కన్ను పోయుంటే? నాన్న పెద్దవాడైపోతున్నాడమ్మా, ఆ మాట ఎవరో ఒకరు చెప్పాలిగా! చేతులు వెనకటిలా లేవు. ఆ మాట పైకి అనలేక నేను లోపల చస్తున్నాను, నీకు తెలుసా?"

గుమ్మంలో తాత నిలబడి ఉన్నాడు. అన్నీ విన్నాడు. కూతురు నాలుక కరుచుకుంది.

"దాన్నేం అనకే," అన్నాడాయన అమ్మమ్మతో. గొంతు మామూలుగానే ఉంది. "అది చెప్పింది నిజమే. ఆ మాట నేనే ముందు చెప్పాల్సింది. పిల్లకు దెబ్బ తగలకముందే కట్టర్ తీసుకుంది, మంచి పని చేసింది."

వెళ్లి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. కూతురు కళ్లు తుడుచుకుంటూ పెట్టెకు టేపు అంటించింది. అమ్మమ్మకు ఎవర్ని ఓదార్చాలో తెలియలేదు. టీ గ్లాసు తీసుకుని తాత దగ్గరికి వెళ్లి, ఇద్దామని చెయ్యి చాపి, అలాగే ఆగిపోయింది.

ఎదురుగా వీధి చివర కొత్త మేడ లేస్తోంది. అక్కడి క్రేన్ ఇనుపకమ్మీల కట్ట ఎత్తుతోంది. తాత దాన్నే చూస్తున్నాడు. ఒళ్లోని తువ్వాలు కింద ఆయన చేతులు కదులుతున్నాయి. కట్ట పైకి లేస్తుంటే కుడి చెయ్యి. క్రేన్ పొడవాటి కొమ్ము పక్కకు తిరుగుతుంటే ఎడమ చెయ్యి. కొక్కెం కొమ్ము పొడవునా ముందుకు జరుగుతుంటే మళ్లీ ఎడమే. కట్ట దిగుతుంటే కుడి. వణుకు లేదు, తడబాటు లేదు. అక్కడ క్రేన్ నడిపేది ఈయనేనా అన్నట్టుంది.

అమ్మమ్మ గ్లాసు కిటికీలో పెట్టేసి ఒక్క అరుపు అరిచింది.

"ఏమే, ఆ టేపు పీకు!"

"ఏమైందమ్మా?"

"మీ మావయ్య ఏం చెప్పాడు ఆ రోజు? పైకీ కిందికీ ఏ చెయ్యి?"

"ఎడమ."

"మీ నాన్న బతుకంతా బరువెత్తింది కుడిచేత్తోనే! ముందుకూ వెనక్కూ ఎడమ చెయ్యి. పక్కకు తిప్పడం ఒక్కటే క్రేన్‌కీ డ్రోన్‌కీ ఎడమ. ఆ రోజు గుర్తు తెచ్చుకో, తిప్పడంలో ఒక్కసారైనా తప్పాడా? దుప్పట్లలోకి పోయింది ఎప్పుడు? ఎత్తబోయినప్పుడు. నిట్టనిలువునా లేచింది ఎప్పుడు? ముందుకు పొమ్మన్నప్పుడు!"

తాత తువ్వాలు కింద చేతులు ఆగిపోయాయి. మెల్లగా వాటిని బయటికి తీసి, తిప్పి చూసుకున్నాడు.

కూతురు గబగబా ఫోను తీసింది. డ్రోన్ తాలూకు యాప్‌లో వెతికింది. కళ్లజోడు పైకి తోసుకుని ఇంకా వెతికింది. ఏ లివర్ ఏ పని చేయాలో మార్చుకునే చోటు ఉందక్కడ. ఉండటం ఎప్పుడూ ఉందట, ఎవరూ చూళ్లేదు.

"నాన్నా," అంది. కళ్లు తుడుచుకుంటూ ఫోను ఆయన ముందు పెట్టింది.

"ముందు బ్యాటరీ ఎక్కించమ్మా," అన్నాడు తాత. "ఏడుపు తర్వాత చూద్దాం."

మర్నాడు పొద్దున అందరూ వెనక జాగాలో చేరారు. బుజ్జాయి మాత్రం ఇంట్లోనే, కిటికీ వెనక. తూనీగకు కబురు పెట్టనక్కర్లేదు, వాసన పట్టినట్టు వచ్చేశాడు. తాత రిమోట్ ముట్టుకోలేదు. ముందు తీగ మీద ఆరేసిన తువ్వాలు కేసి చూశాడు. అది కదలడం లేదు, అంటే గాలి లేదు. అప్పుడు అమ్మమ్మను చూశాడు.

"కిందా, నీ చోటుకి వెళ్లు."

అమ్మమ్మ జాగా మధ్యకు వెళ్లి నిలబడింది. చెయ్యి ఎత్తి చూపుడువేలు గుండ్రంగా తిప్పింది. ఎత్తు.

డ్రోన్ లేచింది. దారం కట్టి లాగినట్టు నిటారుగా, తొందర లేకుండా లేచింది. దుప్పట్లు దాటింది, గోడ దాటింది, పక్కింటి నీళ్ల ట్యాంకు దాటింది. అమ్మమ్మ పిడికిలి బిగించింది. ఆగింది. చెయ్యి పక్కకు చాపింది. తిరిగింది. తూనీగ నోరు తెరిచిన మనిషి మూయలేదు.

"బావా, అయినా దీనికి ముందు కళ్లు లేవు కదా," అన్నాడు ఉండబట్టలేక.

"మీ అక్క ఉందిగా."

"గాలొస్తే ఆగదు."

"గాలొస్తే నేనెప్పుడు బరువెత్తాను? దించేసి టీ తాగేవాణ్ని."

"స్పీడు..."

"నీకు తరుముకుపోవాలి, నీకు పెద్దదే కావాలి. నేను పైకెక్కి, ఆగి, చూసి, దిగేవాణ్నిరా. నాకిది చాలు. నా పనికి కొలిచి కుట్టినట్టుంది."

రిమోట్‌కు తగిలించిన ఫోను తెరలోకి కూతురు తొంగి చూసింది. పైకప్పులు, వీధి, దుప్పట్లు. అన్నిటి మధ్యలో, కిందికి వంచిన కెమెరాకు సరిగ్గా కింద, ఒక తల. పైకెత్తిన ఒక చెయ్యి. తాత కూడా అదే చూస్తున్నాడు. సైగ లేకుండా ఆయన లివర్ ఆపడం అమ్మమ్మ ఎరగదు. ఇప్పుడు ఆపాడు.

"పైనా, ఏమైంది?" అని కేకేసింది.

"ఏం లేదు. ఇన్నేళ్లూ పైనుంచి నీ హెల్మెటే చూశాను. నిన్ను చూడటం ఇదే మొదలు."

అమ్మమ్మ చెయ్యి గాల్లో ఉండిపోయింది. "ఎలా ఉన్నానేం?"

"పాపిట తెల్లబడిందే."

"పని చేసేటప్పుడు కబుర్లొద్దు. దించు!" అంది గానీ ఆ గొంతులో నవ్వూ ఏడుపూ కలిసిపోయాయి. సైగ మాత్రం తప్పలేదు. అరచెయ్యి తెరిచి ముందుకు చాపింది. డ్రోన్ మెల్లగా, ఇంకా మెల్లగా దిగి, ఆ అరచేతిలో కూర్చుంది. కింద గుడ్డున్నా పగలనంత మెత్తగా.

రెక్కలు ఆగగానే కూతురు లోపలికెళ్లి బుజ్జాయిని ఎత్తుకొచ్చి తాత ఒళ్లో కూర్చోబెట్టింది. అలమరాలోంచి తెచ్చిన నెయిల్ కట్టర్ ఆయన చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా అలాగే పట్టుకుంది.

"చిటికెన వేలు అలాగే ఉండిపోయింది నాన్నా. నా చేతికి అది చిక్కలేదు."

"ఎందుకు చిక్కుతుందే, అది నా పని," అన్నాడు తాత. ఆయన కళ్లజోడు అద్దాలు మసకబారితే కూతురే తీసి, తన కొంగుతో తుడిచి, తిరిగి పెట్టింది. బుజ్జాయి వేళ్లన్నీ చాపి మైనపు బొమ్మలా కూర్చుంది.

అదమ్మా సంగతి. ఈ కథ మీ దగ్గరే ఉంచేసుకోకండి. ఎవరింట్లోనైనా పెద్దాయన చేతిలోంచి ఏదైనా జారితే, నెమ్మదిగా ఆ వస్తువు తీసి దాచేయకముందు, ఆ పక్కన కూర్చుని ఈ కథ చెప్పండి. చెప్పేటప్పుడు ఆ తువ్వాలు కింద చేతుల సంగతి మాత్రం మర్చిపోవద్దు. ఇక లే నాయనా, ఆ ఫోను తీసుకో. ముందు మీ తాతకు చెయ్యి.