సున్నం చల్లిన చంద్రుడు

"ఆగు! ఇంకో అడుగేస్తే కాళ్లిరగ్గొడతా!"

కట్ట మీద నుంచి ఏంజెలిన్ అరిచిన అరుపుకి, నీళ్లు తీసేసి ఎండగట్టిన రొయ్యల గుంటలోకి దిగబోతున్న అతను ఒంటికాలి మీద ఆగిపోయాడు.

"మీ నాయన్ని అడిగే వచ్చినానండీ. నా పేరు దావీదు, డైరెక్టర్ని. సైన్స్ ఫిక్షన్ తీస్తుండా. సున్నం చల్లిన ఈ నేల అచ్చం చంద్రుడి మాదిరే ఉందని..."

"చంద్రుడైతే ఏంది, సూర్యుడైతే ఏంది? బూట్లు బ్లీచింగ్ నీళ్లలో ముంచకుండా మా గుంటలో దిగేది లేదు."

అతను ముంచాడు. వెనకున్న పదిమందీ ముంచారు.

"నిజం చంద్రుడి మీద కూడా ఇంత చెకింగ్ ఉండదేమో!"

ఏంజెలిన్‌కి నవ్వొచ్చింది. అతనికి కనబడకుండా అటు తిరిగి నవ్వుకుంది.

నవ్వినా భయం మాత్రం పోలేదు. వరసగా రెండు పంటలు వైట్ స్పాట్ తెగులు తగిలి పోయాయి. తెల్లమచ్చలతో ఒడ్డుకు కొట్టుకొచ్చిన రొయ్యలు ఆమెకు కలలో కూడా కనిపిస్తాయి. ఇది కూడా పోతే గుంట వదిలేసి, నిన్ను తడ దగ్గర ఫ్యాక్టరీ పనికి పంపిస్తానని నాన్న జ్ఞానప్రకాశం తేల్చి చెప్పేశాడు. పదో తరగతి మధ్యలో బడి మానేసిన దగ్గర్నుంచి ఆమెకు తెలిసింది ఈ గుంట ఒక్కటే.

షూటింగ్ నాలుగు రోజులు సాగింది. మధ్యలో టీ తాగడానికి దావీదు కట్టెక్కి వచ్చేవాడు.

"దీనికి ముందు ఏమన్నా తీసినావా?" అని అడిగింది ఒకరోజు.

"చేపల వేటకు పోయే రోబో కథ. ఐదో రోజు హాల్లో నేనూ మా అమ్మా ఇద్దరమే."

"మీ అమ్మకైనా నచ్చిందా?"

"ఏమో, నిద్రపోయింది."

ఈసారి ఏంజెలిన్ ఎదురుగానే నవ్వేసింది. అతను కప్పులో టీ అయిపోయినా అక్కడే కూర్చున్నాడు.

తెల్లారితే అమావాస్య పోటు. సముద్రం పోటెత్తి కాలువ నిండినప్పుడే గుంటకి నీళ్లెక్కించాలి. మోటారు సిద్ధం చేసుకుంటుంటే మధ్యాహ్నం దావీదు పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"నీళ్లు ఎక్కించబాక! ఇక్కడికి రాకముందు పక్కూళ్లో ముత్యాలయ్య రొయ్యల గుంట అంచున తీసినాం. ఆడ వైట్ స్పాట్ వచ్చిందని ఇప్పుడే ఫోన్ చేసినాడు."

"బూట్లు ముంచినారు గదా?"

"బూట్లే ముంచినాం. కెమెరా స్టాండ్ల కాళ్లు ముంచలా. వాటికంటుకున్న ఆ బురద మీ గుంటలో రాలింది."

ఏంజెలిన్ ముఖం పాలిపోయింది. మరుక్షణం ఎర్రబడింది.

"ఇంకా చంద్రుడి మీద దిగే ల్యాండింగ్ షాట్ మిగిలుందని నిన్నే కదా ఏడిచినావు? ఇప్పుడు నీళ్లొద్దంటే మళ్లీ పోటు దాకా, ఇంకో పదిహేను రోజులు నీ చంద్రుడు ఉంటాడు. చదువుకోలేదని చెవిలో పూలు పెడతాండావా?"

దావీదు వెనక్కి తిరిగాడు.

"బెన్హర్ అన్నా, ప్యాకప్. సామానంతా వ్యానెక్కించు. ఇక్కడింక ఒక్క షాట్ కూడా తియ్యం."

కెమెరామన్ బెన్హర్ తెల్లబోయాడు. "ల్యాండింగ్ లేకుండా సినిమా యాడుందిరా?"

"లేదు. ఎక్కించన్నా."

వ్యాను దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

తెల్లారింది. కాలువ నిండుగా పొంగింది. ఏంజెలిన్ మోటారు స్విచ్ దగ్గర నిలబడింది గానీ నొక్కలేదు.

"ఏంది మే, ఆలోచన? పోటు తీసిపోతాంది," అన్నాడు జ్ఞానప్రకాశం.

"వద్దు నాయనా. ఈ పోటు పోనీ. మళ్లీ సున్నం చల్లి ఎండబెడదాం."

"ఆ పిలగాడి మాట నమ్మినావా?"

"భయంగానే ఉంది. అయినా నమ్మినా. అబద్ధమైతే కెమెరా ఎత్తుకుపోడు గదా."

ఆరో రోజు దావీదు వచ్చాడు. చేతిలో కెమెరా లేదు, భుజం మీద సున్నం బస్తా ఉంది.

"షూటింగ్‌కి రాలా," అన్నాడు ముందుగానే. "కోపం పోయిందేమో చూసి పోదామని."

"పోలా," అంది ఏంజెలిన్. "పౌర్ణమి పోటుకి నీళ్లెక్కిస్తా. ఆలోపల ల్యాండింగ్ తీసుకో. స్టాండ్లు నేనే ముంచుతా."

"హీరో వేరే సినిమాకి పోయినాడు."

"హెల్మెట్ పెడితే ఎవరి ముఖమైనా ఒకటే గదా?"

అలా మర్నాడు వెండి రంగు సూటు తొడుక్కుని, ఏంజెలిన్ చంద్రుడి మీద దిగింది.

"కొత్త చోటు. ఏమవుతుందో తెలీదు. భయపడతా నడవాలి," అన్నాడు దావీదు మైకులో.

"అది నాకు నువ్వు నేర్పే పన్లేదులే!"

ఆమె నడిచింది. షాట్ అయిపోయింది. అయినా దావీదు కట్ చెప్పలేదు. చేతిలో మైకున్న సంగతి మర్చిపోయినట్టున్నాడు.

"ఏంజెలిన్, నన్ను పెళ్లి చేసుకుంటావా?"

గుంట చుట్టూ ఉన్నవాళ్లంతా విన్నారు. ఆమె నిలబడిపోయింది.

"ఈ సినిమా కూడా ఆడకపోతే?" హెల్మెట్ లోంచి గొంతు సన్నగా వచ్చింది.

"ఇంకోటి తీస్తా. నువ్వు మూడో పంటకి సున్నం చల్లలా?"

ఆమె బరువైన ఆ సూటులోనే మెల్లగా నడిచొచ్చి, అతని చేతిలో మైకు తీసి ఆపేసింది. ఆ చెయ్యి మాత్రం వదల్లేదు.

కట్ట మీద జ్ఞానప్రకాశం గొంతు సవరించుకున్నాడు. "అబ్బయ్యా, ఆదివారం మీ అమ్మను పిల్చుకొని ఇంటికి రా. ముందు ఆ హెల్మెట్ తియ్యి, బిడ్డ ఉక్కకి చస్తాంది!"

"తియ్యబాక," అంది ఏంజెలిన్ లోపల నవ్వు దాచుకుంటూ గబుక్కున. "ఇంకాసేపు ఉండనీ."