నోట రాకూడని అంకెలు

"సార్, సోమవారం నన్ను జైల్ల ఏస్తరు. నేనేం జెయ్యలె," అంటూ లోపలికి వచ్చిన మనిషి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

సంగారెడ్డి పాత బస్టాండు దగ్గర మేడ మీద గదిలో బద్రీనాథ్ పదేళ్ళుగా ప్రైవేటు డిటెక్టివ్ పని చేస్తున్నాడు. వాళ్ళది తరతరాల కిరాణా వ్యాపారం. కొట్టు వదిలేసి ఊళ్ళోవాళ్ళ గుట్లు వెతుక్కుంటున్నాడని బంధువులు ఎగతాళి చేసేవారు. అసిస్టెంటు యాదన్నకు మాత్రం అతనంటే వల్లమాలిన గురి. బద్రీనాథ్ తుమ్మినా అందులో ఏదో తర్కం ఉందనుకునేవాడు. అందుకోసమే ఆర్టీసీలో కండక్టరు ఉద్యోగం కూడా వదులుకున్నాడు.

వచ్చినవాడి పేరు వెంకటేశం. ఇస్నాపూర్ దాటాక ఉన్న ఒక రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో కెమిస్టు. మంచినీళ్ళు రెండు గ్లాసులు తాగి సంగతి చెప్పాడు.

అది 1997 వేసవి. ఫ్యాక్టరీ వెనక ముత్తాయికుంట అనే ఊరుంది. నీళ్ళు పాడయ్యాయని ఊరివాళ్ళు గొడవ చేస్తే, కంపెనీ ఆరు బోరింగుల నీళ్ళు తెప్పించి, ఎంత సీసం ఉందో వెంకటేశం చేత పరీక్ష చేయించింది. వచ్చిన అంకెలు చూసి కంపెనీ వకీలు రాజేశ్వర్ నేరుగా కోర్టుకు వెళ్ళాడు. ఆ అంకెలు బయటపడితే తమ రంగుల్లో ఏం కలుపుతారో పోటీ కంపెనీలకు తెలిసిపోతుందని, కాబట్టి అవి వ్యాపార రహస్యమని వాదించాడు. కోర్టు ఒప్పుకుంది. కంపెనీ ఉద్యోగులు గానీ, ఆ ఊరి జనం గానీ ఆ ఆరు అంకెలను పలకరాదు, రాయరాదు, ఒకరికొకరు చెప్పుకోరాదు. చెప్పుకుంటే జైలు.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఈ కథ రాస్తున్న నేను కూడా ఆ అంకెలు రాయను. ఆ ఉత్తర్వు ఇంకా రద్దు కాలేదు, నాకు జైలంటే భయం.

ఉత్తర్వు వచ్చిన నాలుగో రోజు ఆరు బోరింగుల సిమెంటు గద్దెల మీదా సున్నంతో అంకెలు రాసి కనిపించాయి. బడి పంతులు చూసి, ఈ నీళ్ళు పశువులకు కూడా పెట్టొద్దన్నాడు. ఆ రోజు నుంచి ఊరు ఊరంతా బిందెలు పట్టుకుని ఇస్నాపూర్ దాకా నడుస్తోంది.

"అంకెలు ఎవరెవరికి తెలుసు?" బద్రీనాథ్ అడిగాడు.

"నాకు, రాజేశ్వర్ సారుకు, బొంబైల ఉండే పెద్ద సారుకు. ఇంకో కాపీ కోర్టుల సీలు కవర్ల ఉంది. మా అత్తగారి ఊరు ముత్తాయికుంటనే సార్. అందుకే నేనే చెప్పిన్నంటున్రు."

"గద్దెల మీద ఉన్నవి, నీ పుస్తకంల ఉన్నవి ఒక్కటేనా? అంకెలు చెప్పకు. అవునో కాదో చెప్పు."

వెంకటేశం తడబడ్డాడు. "పూరా ఒక్కటి కావు సార్. నేను పాయింటు తర్వాత రెండంకెలు రాస్త. గద్దెల మీద ఒక్కటే ఉంది. దగ్గరి అంకెకు సరిచేసి రాస్తే, ఆరింట్ల నాలుగు పైకి పోవాలె. అవి గూడ కిందికే కోసిండ్రు. చదువుకున్నోడెవడూ గట్ల రాయడు."

"మరి కోర్టుల గిదే చెప్పరాదు?" అన్నాడు యాదన్న.

"ఎట్ల చెప్పాలె అన్నా? తేడా చూపియ్యాలంటే అసలు అంకెలు నోటితోని అనాలె గద. అంటే అదొక నేరం!"

"రేపు పొద్దుగాల ముత్తాయికుంట పోదాం," అన్నాడు బద్రీనాథ్.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ ముత్తాయికుంట చేరారు. ప్రతి బోరింగు మీదా కంపెనీవాళ్ళు నీళ్ళు పట్టుకెళ్ళినప్పుడు ఎర్ర రంగుతో వేసిన వరస నంబరు ఉంది, ఒకటి నుంచి ఆరు దాకా. కింద గద్దె మీద సున్నపు అంకెలు. యాదన్న వాటిని పుస్తకంలో ఎక్కించుకోబోతే బద్రీనాథ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

పంచాయతీ ఆఫీసు గోడ మీద కోర్టు ఉత్తర్వు అతికించి ఉంది. ఊరందరికీ తలా ఒక నోటీసు ఇవ్వలేరు కాబట్టి గోడకు అంటించి, అందరికీ చెప్పినట్టే లెక్క వేసుకోవడం కోర్టుల పద్ధతి. అంతా ఇంగ్లీషే. మూడు కాగితాలున్నాయి. మూడో దాని పక్కన, అంతే వెడల్పున, ఎండిపోయిన మైదా జిగురు మరక కనిపించింది.

అక్కణ్ణించి పాల కేంద్రం పది అడుగులు. పాలలో వెన్న శాతం చూసి పలక మీద రాసే దేవమ్మతో మొగులమ్మ అనే ఆవిడ గొడవ పడుతోంది.

"సూడు, ఆరు పాయింటు ఏడు దాటింది. ఎనిమిది రాయి!"

"దాటింది గని ఎనిమిది గీత ముట్టలె. కింది గీతనే రాయాలె. సెంటర్ రూలు గది," అని దేవమ్మ 6.7 వేసింది.

"అక్షరం ముక్క రాదు గని, అంకెల కాడ మాత్రం అస్సలిడువది," అని మొగులమ్మ గొణుక్కుంటూ బయటకు నడిచింది. బద్రీనాథ్ ఆ పలక వైపు రెండోసారి చూడలేదు.

మధ్యాహ్నం సంగారెడ్డిలో కోర్టు బంట్రోతు నాగయ్యను పట్టుకున్నారు.

"ఎన్ని కాయితాలు అతికించినవు నాగయ్యా?"

"ఇచ్చినయన్ని. నాలుగు. కంపెనీ వకీలు సారు కట్ట గట్టి ఇచ్చిండు."

"నాలుగోదాన్ల ఏముండె?"

"నాకు ఇంగిలీషు రాదు సేటూ. గీతలు గీసి, గడులల్ల నంబర్లు ఉండె."

యాదన్న ఎగిరి గంతేయబోయి, బద్రీనాథ్ ముఖం చూసి ఆగిపోయాడు. ఆ ముఖంలో గెలిచిన కళ లేదు.

ఆదివారం పగలు పంచాయతీ ఆఫీసులో అందరినీ కూర్చోబెట్టాడు. రాజేశ్వర్ గడియారం చూసుకుంటూ వచ్చాడు. వెంకటేశం మూలన నిలబడ్డాడు. నాగయ్య, దేవమ్మ, ఊరి పెద్దలు బెంచీల మీద సర్దుకున్నారు.

"అంకెలు ల్యాబు నుంచి బయటికి రాలె," బద్రీనాథ్ మొదలుపెట్టాడు. "కోర్టు నుంచే వచ్చినయి. ఏ అంకెలు చెప్పొద్దో తెలువాలంటే వాటిని ఎక్కడో ఒకచోట రాయాలె గద. వకీలు సాబు అర్జీ వెనక పట్టిక జోడించిండు. ఉత్తర్వుతోపాటు ఆ పట్టికను గూడ కట్టగట్టి నాగయ్యకిచ్చిండు. నాగయ్య గోడకు అతికించిండు. తెల్లారి సంగతి యాదికొచ్చి సాబు దాన్ని చింపించిండు. జిగురు మరక ఇంకా గోడ మీదనే ఉంది."

రాజేశ్వర్ ముఖం ఎర్రబడింది. "అది మా గుమస్తా పొరపాటు. కోర్టుకు చెప్పుకుంటాం. అయినా గోడ మీద ఒక్కరోజున్న ఇంగ్లీషు కాగితం ఈ ఊళ్ళో ఎవరు చదివారు?"

"అంకెలకు ఇంగ్లీషెందుకు సాబ్? ఒక గడిల బోరింగు నంబరు, పక్క గడిల లెక్క. ఎర్ర రంగు నంబర్లు మీరే వేసిపెట్టిన్రు."

"సరే, రాసిందెవరు? ఆ చెయ్యి ఎవరిదో చెప్పండి. లేకపోతే రేపు వెంకటేశమే బోనెక్కుతాడు."

చెప్పక తప్పదని బద్రీనాథ్‌కు తెలుసు. చెబితే ఏమవుతుందో అంతకంటే బాగా తెలుసు. "రెండంకెలు చూసి ఒక్కటే రాసిన చెయ్యి. పైకి పోవాల్సిన కాడ గూడ పోకుండ, ప్రతిసారి కింది గీతకే తెచ్చిన చెయ్యి. దినాం రెండు పూటలు అదే పని చేసి..."

అక్కడ ఆగిపోయాడు.

"ఆగుడెందుకు సేటూ?" దేవమ్మ లేచి నిలబడింది. "నేనే రాసిన. ఎక్కువనో తక్కువనో నాకేం ఎరుక? మా బోరింగు అంకె మాకు తెలువాలె. పాలల్ల నీళ్ళు కలిస్తే మొకం మీదనే చెప్తం. నీళ్ళల్ల ఏం కలిసిందో చెప్తే తప్పా?" వెంకటేశం వైపు తిరిగి, "నువ్వు భయపడకు బిడ్డా. నా కోసం నువ్వెందుకు పోతవు జైలుకు?" అంది.

వెంకటేశం గోడకు ఆనుకుని ఏడ్చేశాడు.

సోమవారం కోర్టు వెంకటేశాన్ని వదిలేసింది. పట్టిక విషయంలో కంపెనీ గుమస్తా చెప్పిన క్షమాపణ రెండు నిమిషాల్లో ఆమోదించింది. దేవమ్మ వంతు వచ్చింది. జడ్జి చెడ్డవాడేమీ కాదు. "తప్పుడు అంకెలు రాశానని ఒప్పుకో అమ్మా, మందలించి పంపేస్తాను," అన్నాడు.

"ఏ అంకె తప్పో జెర చెప్పుండ్రి సారు. దిద్దుకుంట."

జడ్జి సీలు కవరు తీసి చూశాడు. మళ్ళీ మూశాడు. నెల రోజులు వేశాడు.

మూడు వారాలు గడిచాక, జైల్లో ఉన్న దేవమ్మ ఇంటికి ఒకసారి పోయి చూసొద్దామని ఇద్దరూ ముత్తాయికుంట వెళ్ళారు. బోరింగుల గద్దెలు శుభ్రంగా కడిగి ఉన్నాయి. కంపెనీ మళ్ళీ పరీక్ష చేయించి, ఒక్కో బోరింగు మీదా నీలం ఆయిల్ పెయింటుతో జానెడంత అంకెలు వేయించింది. ఇవి నేను రాయొచ్చు, ఎవరూ కాదనరు: 0.02, 0.01, 0.03, 0.01, 0.02, 0.02. పక్కనే 'సురక్షితమైన తాగునీరు' అని ఉంది. దాని కింద సంతకం: 'కె. వెంకటేశం, చీఫ్ కెమిస్టు'.

ఆడవాళ్ళు వరసలో నిలబడి బిందెలు నింపుకుంటున్నారు. ఇంగ్లీషు రాకపోయినా చదవగలిగిన అంకెలు కదా, నమ్మారు.

యాదన్న ఆ సంతకం మీద వేలు పెట్టాడు. "ప్రమోషన్ ఇచ్చిన్రు గావచ్చు. సేటూ, వీడు మనం ఇడిపించినోడే గద?"

"అవును," అన్నాడు బద్రీనాథ్. "మనం ఇడిపించినోడే."